ఆడపిల్లని ఎవరు అడిగారు?

(మన సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం నాయకురాలు మాట్లాడిన మాటలు)

ఇవాళ పత్తిలో కలుపుకి పోతే వచ్చే కూలి వదులుకుని ఇక్కడ కూర్చున్నారు. అది నాకు తెలుసు. అందుకని సాగదియ్యను.

నేను చదివింది పదో తరగతి. ప్రతి ఏడూ ఈ మహాసభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చదివి కూర్చునేదాన్ని. ఈసారి ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. రాసుకోవటానికి కూర్చుంటే ‘ఆడపిల్లని చదివించాలి’ అనే మాట తప్ప ఇంకోటి రాలేదు. ఆ మాట మనకి ఇవాళ ఎవరూ చెప్పక్కర్లేదు. మనం చదివిస్తూనే ఉన్నాం. కాయలు కోసి, పత్తి తీసి, ముచ్చికలు తీసి, సంఘంలో అప్పు తీసి చదివిస్తున్నాం. చదువు అయ్యాక ఆ పిల్ల ఏం చెయ్యాలి, ఏ ఉద్యోగానికి పోవాలి అనేది ఎవరు తేలుస్తున్నారు? ఇవాళ నేను మాట్లాడేది దాని గురించి.

తీర్మానాల పుస్తకంలో చూసింది

పోయిన సంక్రాంతికి ముందు మా సంఘం లెక్కలు సరిచూసుకుంటూ పాత తీర్మానాల పుస్తకాలు తిరగేశాం. అందులో ‘అప్పు దేనికి’ అని ఒక గడి ఉంటది కదా. పాత పేజీల్లో మగపిల్లాడి కోసం తీసిన అప్పు పక్కన చదువు, బండి, కౌలు అని ఉంది. ఆడపిల్ల కోసం తీసిన అప్పు పక్కన పెళ్లి, పురుడు, ఓణీల ఫంక్షను అని ఉంది. ఈ మధ్య పేజీలకి వచ్చేసరికి ఆడపిల్ల పక్కన కూడా హాస్టలు ఫీజు, లాప్‌టాపు, కోచింగు అని కనపడ్డాయి. అందరం సంతోషపడ్డాం. మారాం అనుకున్నాం.

అప్పుడు మా సంఘంలో పెద్దామె ఒకామె, ఆమె నిశాని, ఒక మాట అంది. “గేదెకి అప్పు అడిగితే ఏ జాతి, ఎన్ని లీటర్లు ఇచ్చిద్ది, మేత ఎక్కడిది అని పది ప్రశ్నలు అడుగుతాం. అమ్మాయి చదువుకి అప్పు అడిగితే ఒక్కటీ అడగం. చేతులెత్తేస్తాం.” నిజమే. అప్పు తీసుకునేది తల్లి, సంతకం పెట్టేది తల్లి, తీర్మానం చేసేది మనం పది మందిమి. ఎవరి కోసం తీస్తున్నామో ఆ పిల్ల మాట ఒక్క పుస్తకంలో లేదు. ఈ కోర్సు నీకు కావాలా, ఇది అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావు అని అడిగిన పేజీ లేదు.

మన పొదుపు ఉద్యమం పుట్టిందే చదువులోంచి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో పాఠం చదువుకుని, అందులో ఉన్నది తమ కతే అనుకుని, సారా కొట్టు మూయించారు. ఆ తర్వాత సారా మీద పోయే రూపాయిని పొదుపులో వేశారు. రోజుకో రూపాయి. అప్పుడు వాళ్లని ఎవరో అడగబట్టి, కూర్చోబెట్టి మాట్లాడించబట్టి అది జరిగింది. మరి మన పిల్లల్ని మనమే ఎందుకు కూర్చోబెట్టి అడగకూడదు అని మాకు అనిపించింది.

మన ప్రాంతంలో ఆడపిల్లల చదువుకి తక్కువ చరిత్ర లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ గారు గుంటూరులో ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టి వందేళ్లు దాటింది. అది 1922 మాట. కానీ పై చదువు దగ్గర్లో లేదు. ఎమ్మే చదవాలంటే విశాఖపట్నం ఆంధ్రా యూనివర్సిటీకి పోవాల్సిన రోజులు ఉన్నాయి. 1967లో గుంటూరులో దాని పీజీ సెంటరు పెట్టారు. 1976లో అది నాగార్జున యూనివర్సిటీ అయింది. ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ వచ్చింది. ఇవాళ మన ఊళ్లో ఆడపిల్ల పొద్దున బస్సెక్కితే ఎమ్మెస్సీ క్లాసులో కూర్చుంటంది. 2021-22 లెక్కల్లో దేశం మొత్తం మీద పై చదువుల్లో ఉన్నవాళ్లు 4 కోట్ల 33 లక్షల మంది. అందులో ఆడపిల్లలు 2 కోట్ల 7 లక్షలు. దగ్గర దగ్గర సగం. ఆఫీసుల్లోకి వెళ్లి చూడండి, సగం కనపడతారా? బడి గేటు దాకా సగం, ఉద్యోగం గేటు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతున్నారు?

సంక్రాంతి సెలవుల్లో కూర్చున్నాం

సంక్రాంతికి పిల్లలందరూ ఇళ్లకి వచ్చారు. యూనివర్సిటీ వాళ్లు, ఇంజనీరింగు వాళ్లు, డిగ్రీ వాళ్లు. కనుమ మర్నాడు సాయంత్రం గ్రామ సంఘం భవనంలో కూర్చోబెట్టాం. తల్లులు కూడా రావచ్చు, వెనక వరసలో కూర్చోవాలి, గంటసేపు ఒక్క మాట మాట్లాడకూడదు అని షరతు పెట్టాం. ఆ షరతు మాకు ఎంత కష్టమైందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మొదట ఎవరూ నోరు తెరవలేదు. ‘మీరు ఏం అవ్వాలనుకుంటున్నారు’ అని అడిగితే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు. అప్పుడు మా వీఓఏ చెల్లి ప్రశ్న మార్చింది. “మీ ఉద్యోగం గురించి ఇంట్లో ఆఖరిసారి మాట్లాడింది ఎవరు? ఏమన్నారు?” అని అడిగింది. దాంతో కట్ట తెగింది.

ఇంజనీరింగు మూడో సంవత్సరం పిల్ల మొదలుపెట్టింది. “పిన్నీ, నేను ఇంజనీరింగు ఎందుకు చేరానో తెలుసా? నా ఇంటర్ అయిన ఏడు కాయ రేటు బాగుంది. మా చెల్లి ఇంటర్ అయిన ఏడు రేటు లేదు. దాన్ని డిగ్రీలో వేశారు. అది నాకంటే లెక్కలు బాగా చేసిద్ది. మా ఇద్దరికీ కోర్సు ఎంచింది మేము కాదు, మా నాన్న కాదు, గుంటూరు యార్డు.” అందరం నవ్వాం. నవ్వి ఊరుకున్నాం. ఎందుకంటే ప్రతి ఇంట్లో అదే లెక్క. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోయి, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని ధర కట్టాల్సి వచ్చింది. కోత కూలి, మందులు, కౌలు తీసేస్తే ఎంత మిగిలిద్దో మీ అందరికీ తెలుసు. ఆ లెక్కలో మొదట తగ్గేది ఆడపిల్ల కోర్సు.

నాగార్జునలో ఎంకాం చదివే పిల్ల ఒకతె చెప్పింది. “చిన్నప్పుడు మా అమ్మతో బ్యాంకుకి పోయేదాన్ని. అమ్మ పాస్‌బుక్కు పట్టుకుని నిలబడే ఉండేది. ఆ కౌంటర్లో కూర్చున్న మేడం కళ్లజోడు మీదనుంచి చూసేది. ఆ కుర్చీలో నేను కూర్చోవాలి, కూర్చుని మా అమ్మ లాంటోళ్లని ముందు కూర్చోమనాలి అని అప్పుడే అనుకున్నా. ఆఫీసరు పరీక్షకి ఏడాదో రెండేళ్లో చదవాలి. ఇంట్లో ఆరు నెలలు ఇచ్చారు. ఆరు నెలల్లో రాకపోతే సంబంధం చూస్తామన్నారు. నాకు పరీక్ష అంటే భయం లేదు పిన్నీ, కాలెండరు అంటే భయం.”

టీచరు ఉద్యోగం గురించి చాలామంది మాట్లాడారు. మనం ఏమంటాం? టీచరు అయితే ఆడపిల్లకి మంచిది, తొందరగా ఇంటికి వస్తది, సెలవులు ఉంటాయి, సంబంధం కూడా బాగా కుదురుద్ది అంటాం. కొంతమందికి నిజంగానే ఆ పని ఇష్టం. ఒకమ్మాయి సెలవుల్లో కాలనీలో చిన్నపిల్లలకి ఊరికే చదువు చెప్తంది. ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఇది. “డీఎస్సీ రాకపోతే ఏంటి? రెండో దారి ఆలోచించుకుంటానంటే, అపశకునం పలికినట్టు చూస్తారు.” ఆ తర్వాత 2025 ఏప్రిల్లో డీఎస్సీ నోటిఫికేషను వచ్చింది. పోస్టులు 16,347. దరఖాస్తు పెట్టినవాళ్లు మూడు లక్షల మందికి పైనే. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆడవాళ్లకి మూడో వంతు కేటాయింపు ఉంది, మంచిదే. అయినా ఈ లెక్క చూడండి. మిగిలిన వాళ్లందరూ తెలివి తక్కువ వాళ్లా? రెండో దారి ఆలోచించమని మనమే ముందు చెప్పి ఉండాల్సింది.

ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన పిల్ల, పీజీ చదువుతంది, నెమ్మదిగా చెప్పింది. “మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. క్లాసులో కొంతమందికి మేనమామో, బాబాయో ఏదో ఆఫీసులో ఉంటారు. ఏ పరీక్ష ఎప్పుడొచ్చిద్దో వాళ్లకి ఇంట్లోనే తెలిసిద్ది. నాకు అడగటానికి మనిషి లేడు. ఒక ఉద్యోగం పేరు వింటే దాని అర్థం కూడా ఫోనులో వెతుక్కోవాలి. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు అడుగుతారని రాత్రిళ్లు నిద్ర రాదు. సెలవులిస్తే కాయ కోతకి పోతా. చేతులు మండుతుంటే పెన్ను పట్టుకోలేను.” అని చేతులు చూపించింది. ఆ మంట మనకి కొత్త కాదు. కొబ్బరినూనె రాసుకుని పడుకుంటాం. కానీ మనకి పొద్దున్నే పరీక్ష రాసే పని ఎప్పుడూ లేదు.

ఇంకొక పిల్ల తిరగేసి చెప్పింది. “నాకు హైదరాబాదు, బెంగళూరు ఏమీ వద్దు. డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఉండి, మా అమ్మ వాళ్ల సంఘంతో కలిసి కారం, పచ్చళ్లు పేకెట్లు కట్టి అమ్మాలని ఉంది. చెప్తే ఇందుకా నిన్ను చదివించింది అని తిట్టారు.” చూడండి అక్కా, బయటికి పోతానన్నా తప్పే, ఊళ్లో ఉంటానన్నా తప్పే.

ఆఖర్న ఒక పిల్ల లేచి “నాకు ఏం అవ్వాలో తెలియదు” అంది. అని ఏడ్చింది. “తెలియదు అని చెప్పటానికి కూడా భయంగా ఉంది. అప్పు తెచ్చారు కదా.” ఇంకేమీ చెప్పలేదు. ఆ ‘అప్పు’ అనే మాట ఆ సాయంత్రం ఎన్నిసార్లు వచ్చిందో వీఓఏ చెల్లి రాసిన పేజీల్లో చూస్తే కనపడిద్ది. మనం ప్రేమతో తెచ్చిన అప్పు వాళ్ల నోటికి తాళమైంది.

తల్లుల మాట

గంట అయ్యాక తల్లుల వంతు. వెనక వరసలోనుంచి ఒక అక్క గట్టిగానే అడిగింది. “అడగమంటారు. అడిగితే బెంగళూరు అంటది. రాత్రి పదింటికి ఆఫీసు బస్సు దిగిద్దంట. అది దిగి రూముకి పోయి ఫోను చేసే దాకా నాకు నిద్ర ఉండిద్దా? ఏదన్నా అయితే ఊళ్లో ఎవరి పేరు చెప్తారు? నా పేరే.” ఇంకొక అక్క “రెండేళ్లు ఆగితే సంబంధాలు వెనక్కి పోతాయి, కట్నం ముందుకి వస్తది” అంది. ఈ మాటల్ని నేను కొట్టిపారెయ్యను. ఆ భయం మనది. ఆ భయానికి కారణం మనం పుట్టించింది కాదు.

కానీ బెంగళూరు అన్న పిల్లే లేచి తల్లికి చెప్పింది. “అమ్మా, నాకూ భయమే. ఆ భయం నీతో చెప్తే, అయితే వద్దులే అంటావని చెప్పలా.” ఆ మాటకి ఆ అక్క ఏమీ అనలేదు. నాకు అక్కడ ఒకటి అర్థమైంది. తల్లి భయం తల్లి దగ్గరే, పిల్ల భయం పిల్ల దగ్గరే ఉంటంది. రెండూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఏ హాస్టలు మంచిది, ఎవరన్నా మన ఊరి పిల్ల అక్కడ ఉందా, ఎన్నింటికి ఫోను చెయ్యాలి అనే దాకా వస్తాం. మాట్లాడుకోకపోతే వద్దు అనే ఒక్క మాట దగ్గర ఆగిపోతాం.

మా ఇంటి సంగతి

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించా. మా అమ్మాయిని అడిగా. చెప్పు అంది.

నేను పది పాసయ్యాక నర్సు ట్రైనింగుకి పోవాలనుకున్నా. మా ఊరికి వచ్చే నర్సమ్మ తెల్ల చీర కట్టుకుని సైకిలు మీద వచ్చేది. ఆ ఏడు పత్తికి పురుగు పడింది. మా నాన్న మందుల కొట్లో అప్పు తీర్చలేకపోయాడు. నన్ను ఎవరూ వద్దనలేదు, తిట్టలేదు. ఏం అవ్వాలనుకుంటున్నావు అని అడగలేదు, అంతే. పద్దెనిమిది నిండకుండానే పెళ్లి చేశారు. అందుకే నా కూతుర్ని చదివించాలని పట్టుబట్టా. అది పుట్టినప్పుడే అనుకున్నా, దీన్ని టీచర్ని చెయ్యాలని.

మా అమ్మాయి గుంటూరులో డిగ్రీ, బీఎస్సీలో కెమిస్ట్రీ చదువుతంది. డిగ్రీ అవ్వగానే ఎడ్‌సెట్టు రాయించి బీఈడీలో వెయ్యాలని నా లెక్క. దాని కోసం స్త్రీనిధిలో అప్పు కూడా అడిగి పెట్టుకున్నా. ఆ సాయంత్రం మా అమ్మాయి కూడా ఆ గదిలోనే ఉంది. నేనేమో ముందు నిలబడి, పిల్లల్ని అడగాలి అని అందరికీ చెప్తన్నా. అది లేచి నా వైపు చూడకుండా వీఓఏ చెల్లి వైపు చూసి చెప్పింది. “నాకు టీచరు అవ్వాలని లేదు. మా అమ్మకి చెప్పలేదు. మా అమ్మ వాయిదా కట్టే రోజు మజ్జిగన్నం తిని ఉండటం చూశా. ఎట్టా చెప్పను?”

అక్కా, నాకు తల తీసేసినట్టు అయింది. ఇంటికి వచ్చాక రెండు రోజులు నేను దానితో సరిగా మాట్లాడలేదు. నిజం చెప్తన్నా. కోపం వచ్చింది. ఇంత కష్టపడితే నలుగురిలో నా పరువు తీసింది అనుకున్నా. మూడో రోజు కల్లంలో తాలు కాయలు ఏరుతుంటే అదే వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు అడిగా, మరి నీకు ఏం కావాలే అని. పంతొమ్మిదేళ్లకి మొదటిసారి అడిగా.

అది చెప్పింది. మన కాయ బయటి దేశాలకి పోవాలంటే ముందు ల్యాబులో పరీక్ష చేస్తారంట. సరిగా ఎండని కాయకి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తది, రంగు కలిపారా, పురుగుమందు ఎంత మిగిలింది, ఇవన్నీ చూస్తారంట. స్పైసెస్ బోర్డు వాళ్ల ల్యాబు గుంటూరులోనే ఉంది. ఎడ్లపాడు దగ్గర వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. అక్కడ కారం, మసాలా కంపెనీలు ఉన్నాయి. ఎంఎస్సీ చేసి అట్టాంటి ల్యాబులో పని చెయ్యాలని దాని కోరిక. “నువ్వు తాలు కాయ చేత్తో పట్టుకుని చెప్తావు కదమ్మా, నేను మిషను మీద చూసి చెప్తా” అంది.

నేను ఇరవై ఏళ్ల నుంచి మిరప తోటలో ఉన్నా. మన కాయ మీద పెద్ద చదువు చదివినవాళ్లకి పని ఉందని నాకు తెలియదు. లాం ఫారం అంటే విత్తనం తెచ్చుకునే చోటు అని తెలుసు. అక్కడే ఎన్జీ రంగా వ్యవసాయ యూనివర్సిటీ ఉంది, అందులో అమ్మాయిలు చదివి ఆఫీసర్లు అవుతున్నారు, పది పాసైన వాళ్లకి రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా కూడా ఉంది అని మా అమ్మాయే చెప్పింది. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు మన ఊళ్లో అగ్రికల్చర్ అసిస్టెంటుగా ఒక అమ్మాయి వచ్చింది. ఆ పిల్ల ఏం చదివి వచ్చిందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. తెగులు సోకిన ఆకు చూపించి మందు పేరు అడిగి వచ్చేదాన్ని.

మా అమ్మాయి కోరిక తీరిద్దో లేదో నేను చెప్పలేను. పీజీసెట్టులో సీటు రావాలి. ఉద్యోగం వచ్చిద్దని గ్యారంటీ లేదు. నాలో ఒక మూల ఇంకా టీచరు అయితే బాగుండు అనే ఉంది. అది కూడా దానికి చెప్పా. “ఉండనీలేమ్మా” అంది.

మనం చెయ్యగలిగినవి

పెద్ద పెద్ద పథకాలు నేను చెప్పలేను. మా గ్రామ సంఘంలో చేసుకున్న తీర్మానాలు చెప్తాను. మీకు నచ్చితే మీరూ చేసుకోండి.

ఒకటి. పిల్ల చదువుకి అప్పు అడిగితే ఆ పిల్లని కూడా సంఘం మీటింగుకి పిలుస్తాం. సెలవు లేకపోతే ఫోనులో మాట్లాడతాం. ఈ కోర్సు నీకు ఇష్టమేనా, అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావు, రెండో దారి ఏంటి అని మూడే ప్రశ్నలు. ‘తెలియదు’ అని చెప్పినా రాసుకుంటాం, అప్పు ఆపం. తీర్మానాల పుస్తకంలో పిల్ల మాట అని ఒక గడి గీశాం.

రెండు. ఏటా సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెడతాం. తల్లులకి ఆ గంట షరతు అట్టాగే ఉంటది. మగపిల్లల తల్లులు మా వాళ్లని కూడా పిలవమన్నారు. వచ్చే ఏడు వాళ్లకీ పెడతాం. వాళ్లకీ చెప్పుకోలేనివి ఉంటాయి.

మూడు. ఏడాదికి ఒకసారి ఇంటర్, డిగ్రీ పిల్లల్ని ఒక రోజు ఆటో కట్టించుకుని పని జరిగే చోటికి తీసుకుపోతాం. లాం ఫారం, యార్డు, నాగార్జున యూనివర్సిటీ, ఒక బ్యాంకు. అక్కడ పనిచేసే ఆడవాళ్లతో పది నిమిషాలు మాట్లాడిస్తాం. పేరు వినని ఉద్యోగం కావాలని ఎవరు కోరుకుంటారు? కళ్లతో చూడాలి.

నాలుగు. ఇంట్లో మనిషి లేని పిల్లకి సంఘమే మనిషి. మన మండలంలో ఉద్యోగం చేసే మన ఊరి ఆడపిల్లల ఫోను నంబర్లు వాళ్లని అడిగి వీఓఏ దగ్గర పెట్టాం. సచివాలయంలో చేసేవాళ్లు, స్టాఫ్ నర్సులు, టీచర్లు, హైదరాబాదులో సాఫ్టువేరు చేసేవాళ్లు. ఏ పరీక్ష ఎప్పుడు అనేది వాళ్లు చెప్తారు.

ఐదు. బ్యాంకు సార్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్ల ముందే చెప్తున్నా. చదువు రుణం నాలుగు లక్షల దాకా తాకట్టు అడగకూడదు. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలు కావు. ఇది మన తల్లుల్లో చాలామందికి తెలియదు. తెలియక నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీ కోసం పిల్లని తొందరపెడుతున్నాం. సంఘం అప్పు, బ్యాంకు రుణం, ఏది దేనికి అని ముందే కూర్చుని లెక్క వేసుకుంటే పిల్లకి ఆరు నెలల బదులు రెండేళ్లు ఇవ్వచ్చు.

ఆరోది తీర్మానం కాదు, నా మనవి. అప్పు గురించి పిల్లల ముందు దెప్పొద్దు. ఇంటి లెక్క వాళ్లకి తెలియాలి, దాచమని చెప్పను. కానీ నీ కోసమే ఇదంతా అని ప్రతి వాయిదా రోజూ అంటుంటే, వాళ్లు మనకి నచ్చేదే చెప్తారు. వాళ్లకి నచ్చింది చెప్పరు. నేను ఆ తప్పు చేశాను. నేను నోటితో అనలేదు, మజ్జిగన్నంతో అన్నాను.

చివరగా ఒక్క మాట. ఎంకాం చదివే పిల్ల గురించి చెప్పాను కదా, ఆరు నెలలు ఇచ్చారని. వాళ్ల అమ్మ ఆ సాయంత్రం వెనక వరసలోనే ఉంది. మొన్న జూన్లో మా సంఘం మీటింగుకి వచ్చి, వచ్చే సంక్రాంతి కాదు, ఆపై సంక్రాంతి దాకా సంబంధాలు చూడం అని చెప్పింది. వాళ్లాయన ఒప్పుకోవటానికి చాలా రోజులు పట్టిందంట. ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో రూములో ఉండి చదువుకుంటంది. పరీక్ష పాసైతే వచ్చే మహాసభలో ఆ పిల్లని మీ ముందు నిలబెడతా. పాసవకపోతే ఏం నేర్చుకుందో ఆ పిల్లతోనే చెప్పిస్తా.

ఇవాళ ఇంటికి పోయాక రాత్రి ఫోను చేసినప్పుడు తిన్నావా, ఫీజు కట్టావా అని అడుగుతాం కదా. ఇంకొకటి కూడా అడగండి. అడిగాక కాసేపు ఊరుకోండి. అవతల పిల్ల వెంటనే చెప్పదు. ఫోను పెట్టెయ్యొద్దు.